వంటింటి కిటికీ

చిట్టితల్లికి నాన్న ఆశీస్సులు, నేను కులాసా.

ఆఖరి సిగరెట్ ఆదివారం సాయంత్రం బాల్కనీలో కాల్చాను. మిగిలిన పెట్టెను నీళ్లలో నానబెట్టి చెత్తలో పారేశాను. దగ్గు తగ్గింది. అన్నం రుచి తెలుస్తోంది.

నీకు చెప్పని సంగతి ఒకటుంది. నేను సిగరెట్ ముట్టించగానే మీ అమ్మ వంటింటి కిటికీ ధడేల్మని మూసేది కదా. ఆమె పోయాక కూడా అది అలాగే మూసుకునేది. గాలి లేని రోజున కూడా లోపల గడియ పడేది. కింది వాటాలో ఉండే దర్జీ ఆవిడ ఆ చప్పుడు విని, "ఏం అన్నయ్యగారూ, వదినకి ఇంకా కోపం తగ్గలేదా?" అంది. అనేశాక గుర్తొచ్చినట్టుంది, గబగబా లోపలికి వెళ్లిపోయింది.

మానేశాక కిటికీ తెరిచే ఉండిపోయింది. ఇల్లు మరీ నిశ్శబ్దమైపోయింది. నిన్న ఉండబట్టలేక ఉత్త అగ్గిపుల్ల గీశాను. రెక్క సగం దాకా వచ్చి ఆగింది. ఇప్పటికీ అలాగే ఉంది, తోసినా కదలదు. ఒక్క సిగరెట్ వెలిగిస్తే పూర్తిగా మూసుకుంటుందని నాకు తెలుసు. కొట్టు దాకా వెళ్లి వెనక్కి వచ్చాను.

పసిదానికి జలుబు తగ్గిందా? పొగ వాసన పోయేదాకా దాన్ని ఎత్తుకోనివ్వనన్నావు. ఎప్పుడు రమ్మంటావో రాయి. నా పాత కళ్లజోడు మీ ఇంట్లో ఉందేమో వెతుకు. అల్లుడికి, పసిదానికి నా దీవెనలు.

రేపు పొద్దున్నే వడ్రంగిని పిలిచి ఆ కిటికీ రెక్కలు ఊడదీయిస్తాను.

నాన్న