అమ్మ ఎం.ఏ. దరఖాస్తు

ప్రియమైన చిట్టీ,

ఎం.ఏ. ఇంగ్లీషుకి నేను పెట్టుకున్న దరఖాస్తు తిప్పి పంపారు. నాది కామర్సు డిగ్రీ కాబట్టి సాహిత్యం పేపర్లు చాలవట. పంపింది మీ విభాగమే. ఎంపిక కమిటీలో నువ్వున్నావని మా కోర్టులో అందరికీ తెలుసు. పొద్దున మా గుమస్తా, "ఇంకేం మేడమ్, కూతురే కమిటీలో ఉంటే సీటు ఇంట్లో ఉన్నట్టే" అన్నాడు. మధ్యాహ్నానికి కవరొచ్చింది. అతని మొహం చూడలేక ఫైళ్ల గదిలో కూర్చుని అన్నం డబ్బా తెరిచాను.

ఇన్నేళ్లూ జడ్జీలు చెప్పిన ఇంగ్లీషు టైపు చేశాను. నా సొంత మాటగా నాలుగు పేజీలు రాయాలనుకోవడం తప్పా? ఫోన్ చెయ్యకు, ఎత్తను. ఏం జరిగిందో రాసి పంపు.

అమ్మ

*

అమ్మకి,

నీ ఫైలు రాగానే నేను గదిలోంచి బయటికొచ్చేశాను. దగ్గరి బంధువుల ఫైలైతే మేం కూర్చోకూడదు. వరండాలో నిలబడ్డాను. మళ్లీ పిలిచేసరికి అంతా అయిపోయింది. ఆ నిబంధన నేను పెట్టింది కాదు.

అయినా సీటొస్తే మాత్రం? ఇంకో భాషలో పరీక్ష, థీసిస్, చివర్లో ముగ్గురు ప్రొఫెసర్ల ముందు కూర్చుని జవాబులు. రేపోమాపో రిటైరయ్యేదానివి, నీకెందుకీ తంటా? చదువుకోవాలనుంటే నా పుస్తకాలన్నీ తెచ్చిస్తాను. కోపం తగ్గాక ఫోన్ ఎత్తు.

నీ చిట్టి

*

చిట్టీ,

ప్రియమైన అని రాయబుద్ధి కావడం లేదు.

మీ విభాగాధిపతికి నేనే ఫోన్ చేశాను. సాహిత్యం చదవనివాళ్లు రెండు పునాది పేపర్లు పాసైతే సీటిస్తారట. "మీ అమ్మాయి చెప్పలేదాండీ?" అన్నాడాయన. "చెప్పింది, నేనే మర్చిపోయాను" అన్నాను. కోర్టులో పనిచేసేదాన్ని, నీ కోసం అబద్ధమాడాను.

గదిలోంచి వెళ్లిపోయావు, సరే. ఆ తర్వాత నాకో మాట చెప్పడానికి ఏ నిబంధన అడ్డొచ్చింది? నా వయసు చూసి జాలిపడమని నిన్నడిగానా?

రెండు పేపర్లకీ పేరు రాయించుకున్నాను. సాయంత్రం క్లాసులు. అందులో ఒకటి నువ్వు చెప్పేదే. నేనొస్తే మళ్లీ వరండాలోకి వెళ్లిపోతావా?

అమ్మ

*

ప్రియమైన అమ్మకి,

జాలి కాదు, కోపం.

చిన్నప్పటి నుంచీ నేను నోరు తెరిస్తే చాలు, మాట పూర్తికాకుండానే దిద్దేదానివి. ఈ ఉద్యోగానికి నేను రాసుకున్న దరఖాస్తు కూడా అడక్కుండా తిరగరాసి టైపు చేసి పెట్టావు. ఇంటర్వ్యూలో అందులో ఉన్న మాట ఒకటి అడిగితే నాకే తెలియక నీళ్లు నమిలాను. నువ్వు లేని చోటు నా క్లాసురూమొక్కటే. అక్కడికీ వస్తానన్నావని ఒళ్లు మండింది. పునాది పేపర్ల సంగతి తెలిసీ నోరు మెదపలేదు. నేను చేసింది తప్పే. నువ్వు చేసిందీ తక్కువేం కాదు.

వరండాలోకి వెళ్లను. నీ జవాబులు వేరే లెక్చరర్ దిద్దేలా విభాగాధిపతితో మాట్లాడాను. పాఠం మాత్రం నేనే చెప్తాను. మంగళవారం మొదటి క్లాసు. నేను చెప్పిందాంట్లో తప్పు కనిపిస్తే ఇంట్లో చెప్పకు, ఉత్తరంలో రాయకు. అందరి ముందూ చెయ్యెత్తి చెప్పు. అక్కడైతే నీకు నేను జవాబు చెప్పగలను.

నీ చిట్టి