కంపెనీ సేరు

'ధరవరలు' వారపత్రిక,
విశాఖపట్నం, నవంబరు 1926

శ్రీ సన్యాసిరావు గారికి,

అరకు నుంచి మీరు రాసే సంత కబుర్లు బాగుంటున్నాయి. మరీ బాగుండటమే నా అనుమానం! వారం వారం కొండ కాఫీ కంపెనీ భేషంటున్నారు. మీ దగ్గర ఆ కంపెనీ షేరు ఉందని ఇక్కడ చెప్పుకుంటున్నారు. తూచేవాడే కొనేవాడైతే తక్కెడను ఎవరు నమ్ముతారండీ? ఉంటే మీ విలేకరి పని ఊడినట్టే.

ఇట్లు,
కృష్ణమూర్తి, సంపాదకుడు

తా.క. మీరు పంపిన కాఫీ గింజలు దివ్యంగా ఉన్నాయి. అది వేరే సంగతి.

అరకు

సంపాదకుల వారికి నమస్కారాలు.

ఉంది బాబూ, దాచడమెందుకు? పట్నంలో మీరు షేరంటారు, మేం సేరంటాం. కంపెనీ ముద్ర ఉన్నదే. మావగారు కంపెనీ గిడ్డంగిలో పనిచేసేవారు, పెళ్ళిలో ఇచ్చారు. మా ఇంట్లో రోజూ ఎంత కూడు ఉడకాలో దాన్నిబట్టే. పేపరు ఉద్యోగమని చూసి పిల్లనిచ్చారు. ఇది ఊడితే మా రత్నాలుని పుట్టింటికి తీసుకుపోతారు. దయ చూడండి.

విధేయుడు,
సన్యాసిరావు

తా.క. ఈమధ్య ఒకసారి పడింది. రత్నాలు రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

విశాఖపట్నం

సన్యాసిరావు గారికి,

పడిందా! పెరుగుతుందని రాసింది మీరు కాదూ? పైగా గిడ్డంగి మనిషికి అల్లుడు! వెంటనే అమ్మి పారేయండి, లేదా పని మానేయండి.

కృష్ణమూర్తి

తా.క. ఎంత పడింది? బేగి రాయండి. నాకు కూడు సయించడం లేదు.

అరకు

అయ్యా,

అమ్మమన్నారని రత్నాలుతో చెప్పాను. "మా నాయినిచ్చింది అమ్మీమనడానికి ఆయనెవులు? రేపు నన్ను కూడా అమ్మీమంతాడేటి?" అని గరిటె తీసింది. అమ్మితే పెళ్ళాం పోతుంది, అమ్మకపోతే ఉద్యోగం పోతుంది. నా గతేం కాను? అందుకే టపా మోసే గాసి చేత దాన్ని మీకే పంపుతున్నాను. మీ దగ్గరుంటే నాకు ఏ దోషమూ అంటదు కదా!

దిక్కుతోచని,
సన్యాసిరావు

తా.క. ఎంత పడిందో మీరే చూడండి. అంచు సొట్ట. బియ్యం కొలిచేటప్పుడు అటువైపు బొటనవేలు అడ్డం పెట్టమంది రత్నాలు.

విశాఖపట్నం

ప్రియమైన సన్యాసిరావు గారికి,

మూట విప్పితే ఇత్తడి సేరు! అమ్మయ్య, బతికించారు! పడింది సేరే గానీ షేరు కాదన్నమాట. మా ఆవిడ నవ్వి నవ్వి, దాంతోనే బియ్యం కొలిచి పాయసం వండింది. సేరుతో పాటు మా అమ్మాయి లాంటి రత్నాలమ్మకు చీర కూడా పంపుతున్నాను. మీ ఉద్యోగానికి ఢోకా లేదు.

మీ శ్రేయోభిలాషి,
కృష్ణమూర్తి

తా.క. కాఫీ భేషని ఈ వారం ఇంకాస్త గట్టిగా రాయండి. విలేకరికి ఉండకూడదన్నాను గానీ, సంపాదకుడికి ఉండకూడదన్నానా? నావి షేర్లే.