బావిలో పూడిక

మే నెల, మంగళవారం

పాలు పితికి, దొడ్డి ఊడ్చి, ఎద్దులకు సొప్ప వేసి, అత్తతో కలిసి బావిలో పూడిక తీయడానికి పోయాను. మా ఆయన చనిపోయాక ఇదే మొదటి వేసవి. ఆయన అన్న, మా బావ, గట్టు మీద అడ్డంగా నిలబడ్డాడు.

"ఆడది బాయిలోకి దిగితే ఉండే నీళ్లు గూడా ఇంకిపోతాయి. చేను నాకు వదిలేసి ఇంట్లో ఉండు."

"ఇంకిపోయేదానికి నీళ్లు యాడుండాయి బావా?" అన్నాను.

అత్త తన కొడుకు ముఖం కూడా చూడలేదు. తాడు చేతికి చుట్టుకుని, "దిగు పాపా, నేను పట్టుకుంటా" అంది.

పొద్దు వాలేదాకా మట్టి గంపలు పైకి పంపాను. అరచేతులు బొబ్బలెక్కాయి. నీళ్లు ఇంకా పడలేదు. పడకపోతే బావ మాటే నిజమని ఊరంతా అంటుంది. అననీ. రేపూ దిగుతాను.