తలుపు సిద్ధం, గోడే అడ్డం

నగర ప్రణాళికాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా వీధి చివరి గోడలో ఒక మనిషి పట్టేంత తలుపు పెట్టుకొనుటకు అనుమతి కోరుట గురించి.

వడ్రంగి పని చేసుకొను నేను తమకు విన్నవించుకొనునది ఏమనగా:

1. పూర్వం మా వీధిలోంచి ఎటు నడిచినా ఎక్కడో ఒకచోటికి చేరేవారం. నగరం పెరిగిన కొద్దీ కొత్త కాలనీలు వచ్చినవి. ప్రతి కాలనీకి చుట్టూ గోడ, ఒకటే గేటు, ఆ గేటు కూడా పెద్ద రోడ్డు మీదకే. లోపలి వీధులు కొంత దూరం పోయి, ఏదో మరిచిపోయినట్టు ఆగిపోవును.

2. సదరు గోడకు అవతలి ఇల్లు మా అక్కది. ఆమె పొయ్యి మీద కూర మాడితే ముందు తెలిసేది నాకే. అయినను ఆమెను చూడవలెనన్న పెద్ద రోడ్డెక్కి, వంతెన దాటి, బస్సు మారి, వారి గేటు కాపలాదారుకు సంజాయిషీ ఇచ్చుకోవలెను. అతడు ప్రతిసారీ "ఏం పని మీదొచ్చారు?" అని అడుగును. పోట్లాడ్డానికని చెప్పలేను కదా.

3. పోట్లాట మాకు చిన్ననాటి అలవాటు. ఇన్నాళ్లు ఇరువైపులా నిచ్చెనలు వేసుకొని, గోడ మీదుగా ఎలాగో నెట్టుకొచ్చితిమి. పోయిన నెల ఆమె నాకు కూరగిన్నె అందించబోయి నిచ్చెన మీంచి జారిపడినది. మోకాలికి దెబ్బ తగిలి, ఇప్పుడు కుర్చీలోంచే అరచుచున్నది. సగం మాటలు వినబడక, జవాబు చెప్పలేక, రోజూ నేనే ఓడిపోతున్నాను. ఆమె ఒంటరిది. అరుపు వినబడని పూట నా చేతిలో ఉలి నిలవదు.

4. ఇదివరకటి అర్జీకి తమ కార్యాలయం వారు "పటం ప్రకారం రెండిళ్లూ పక్కపక్కనే ఉన్నందున దారి అవసరం కనబడుట లేదు" అని సెలవిచ్చిరి. అయ్యా, పటం మీద గోడ గీత మందమే. దాని మీద మా అక్క వేలు జరుపుకొని రాగలదు, కాలు జరుపుకొని రాలేదు.

ఖర్చు తమ మీద వేయను. ద్వారబంధంతో సహా టేకు తలుపు చేసి గోడకు ఆనించి ఉంచితిని. నిజం తలుపే అనుకొని జనం తడుతున్నారు. ఇక కన్నం ఒక్కటే తరువాయి.

కావున నా మనవి చిత్తగించి, ఆ కన్నం దయచేయించవలెనని ప్రార్థన.

తమ విధేయుడు,
గోడకు ఇవతలి తమ్ముడు

తా.క.: అర్జీ కవరులో పెట్టుచుండగా సదరు గోడ దానంతటదే, సరిగ్గా నా తలుపు కొలతకే కూలినది. వాన లేదు కదా అని తమరు అడగవచ్చును. అవతల మా అక్క, ఆమె పిలిపించిన తాపీమేస్త్రీ నిలబడి ఉన్నారు. తలుపు కొలతలు గోడ మీదుగా గొప్పగా చెప్పుకొన్నది నేనే. ఆమె కర్ర ఊతంతో వచ్చి, నా కుర్చీలో కూర్చొని, ఇదంతా చదివి, "ఇంత రాసే తీరికుంది గానీ, ఒక్క సుత్తి దెబ్బ వేయడం చేతకాలేదురా నీకు?" అన్నది. అయ్యా, ఆ మాట పూర్తిగా వినబడినది. చాలా సంతోషమైనది.

అనుమతి సంగతి తీరిగ్గా చూడండి. తలుపుకు గడియ ఏ వైపుండాలన్నదే ఇప్పుడు అత్యవసరం. తన వైపే ఉండాలంటోంది. నేను చచ్చినా ఒప్పుకోను. త్వరగా ఎవరినైనా పంపించండి.