వెనక తలుపు మీది స్టిక్కర్

ఏవండీ, ఆఫీసులో మీటింగుంది, మీరు వాకింగ్ నుంచి వచ్చేలోపే బయల్దేరుతున్నాను. ఇడ్లీలు హాట్‌ప్యాక్‌లో ఉన్నాయి. టింకరింగ్ చేసే ఫక్రుద్దీన్ భాయ్ పంజాగుట్ట నుంచి వచ్చి కారు తీసుకెళ్తాడు. తాళాలు ఈ చీటీ మీదే పెట్టాను.

ఆయన వచ్చేలోపు, వెనక తలుపు మీద అత్తయ్య అంటించిన వెంకటేశ్వరస్వామి స్టిక్కర్ మీరే తీయాలి. తుప్పంతా దాని కిందే ఉందట. అక్కడ రేకు కోసేసి కొత్త ముక్క వెల్డింగ్ చేయాలన్నాడు. "దేవుని బొమ్మ మీద నేను మెషిన్ పెట్టనమ్మా, మీరే జర తీసి ఉంచుండ్రి" అన్నాడు. పొద్దున నేను తీద్దామనుకున్నాను, చేతులు రాలేదు. నా హెయిర్ డ్రయర్‌తో కాస్త వేడి చేసి మూల నుంచి లాగండి, చిరక్కుండా వస్తుంది. తీశాక దేవుడి గదిలో పెట్టండి.

మీకు మనసొప్పదని తెలుసు. ఆవిడ పోయినప్పటి నుంచి ఆ స్టిక్కర్ తడవకుండా చుట్టూ తుడుచుకొస్తున్నారు. నన్ను మాత్రం తలుపు మెల్లగా వేయమని రోజూ కసురుతారు.

కింద చోటు లేక అంచులో రాస్తున్నాను. ఆవిడ దాన్ని భక్తితో అంటించలేదండీ. మేమిద్దరం అమీర్‌పేటలో కూరగాయలకి వెళ్లినప్పుడు తలుపు తీయబోయి స్తంభానికి కొట్టింది. పెయింట్ లేచిపోయింది. "వాడు చూశాడంటే వారం రోజులు మొహం మాడ్చుకుంటాడే కమలా" అని, పక్కనే తోపుడుబండి మీద కొని అంటించేసింది. సాయంత్రం మీరు దానికి దణ్ణం పెట్టుకుంటుంటే, వంటింట్లోకి వచ్చి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఎంత నవ్విందో.