కొండ బండ మీద అలలు

మునిరత్నం అప్పా, నమస్కారం. నువ్వు కాలం చేసి ఏడాది తిరిగాక రాస్తున్నాను, కోపం పెట్టుకోకు. అంగట్లో ఉప్పు బేరంతో తీరిక లేదు. అది సాకేలే, నీకు రాయడానికి మొహం చెల్లలేదు.

తిరుమలకు బస్సులు పోయే దారి వేస్తున్నారు. మందు పెట్టి కొండను పేలుస్తున్నారు. నిన్న కూలీలకు ఉప్పు మూట దించడానికి పోయి, కొత్తగా బయటపడిన ఒక బండ ముందు ఆగిపోయాను. దాని మీద వరసగా అలల గీతలు! నువ్వు పోయాక వదిన నాకిచ్చిన నీ రాళ్ళ పుస్తకంలో ఉన్న బొమ్మే.

సముద్రం అడుగున ఇసుక గట్టిపడి ఈ కొండ అయిందని నువ్వు చెప్తే, అంగడి నిండా జనం ఉండగా నేనేమన్నాను? "అట్లయితే ఉప్పు యాడుండాదప్పా? గోక్కోనొచ్చి అమ్ముకుంటా!" అన్నాను. అందరూ నవ్వారు. మళ్ళీ నువ్వు ఆ పుస్తకం పట్టుకుని మా అంగడికి రాలేదు.

నిన్న ఆ బండను నాకి చూశాను. ఉప్పగా లేదు.

"ఏం శెట్టీ, ఎండకు మతి పోయినాదా?" అన్నాడు మేస్త్రి.

"ఇది సముద్రమబ్బా."

"అయితే ఆ నీళ్ళన్నీ యాడికి పోయినాయి?"

 జవాబుకు నీ పుస్తకం చూద్దామంటే, అదంతా ఇంగ్లీషు. ఆ బండను పగలగొట్టి దారికి కంకర చేస్తారట. బతిమాలితే, ఎల్లుండి దాకా ఆగుతానన్నాడు మేస్త్రి. చెప్పప్పా, మనిద్దరం ఆ బండ దగ్గర ఎప్పుడు కలుద్దాం?