లే అన్నాడట

నవంబర్ 3, సోమవారం

ఉదయం 7.00. నిర్ణయం! లారీకీ ట్రైలరుకీ మధ్య బ్రేకు కంట్రోలర్ నా చేతులతో నేనే బిగిస్తాను.

కారణం కోటిబాబు. పంతొమ్మిదేళ్ళుగా మా లారీ డ్రైవరు. పోయిన వారం వంతెన దిగుతుంటే లోడుతో ఉన్న ట్రైలరు వెనకనుంచి లారీని నెట్టిందట. మొహింగా నూడుల్సు అమ్మే బండికి జానెడు దూరంలో ఆగిందట. జానెడు ఉంది కదా! ఆ మాటే అన్నాను. ఆయనగారు తాళాలు బల్ల మీద పెట్టి, "ఆ తోకకి బ్రేకు పెట్టించండి బాబూ. పదిహేనో తారీకుదాకా సూత్తాను. నేదంటే బలరాంగారి బళ్ళలో సేరిపోతాను" అన్నాడు. బెదిరింపు!

మాది జపాను లారీ. దాని బ్రేకులు గాలితో పనిచేస్తాయి. సెకండ్ హ్యాండ్ ట్రైలరు చక్రాల్లో ఉన్నవి కరెంటు బ్రేకులు. లారీ బ్రేకు తొక్కిన సంగతి ట్రైలరుకి చెప్పే డబ్బా ఒకటి మధ్యలో ఉండాలి. తెచ్చాను. సబ్బుపెట్టంత ఉంది. నాలుగు వైర్లు. నాలుగంటే నాలుగు! దీనికి ఇన్సేన్ పేట మెకానిక్కులు వారం పడుతుందంటారు. రోజుకి సగం వైరు అన్నమాట.

నియమాలు:
1. ఎవర్నీ అడగను.
2. కోటిబాబు లారీ దరిదాపులకి రాకూడదు. సెలవిచ్చేశాను. తాళాలు నా దగ్గరే.
3. ఇంజను స్టార్ట్ చెయ్యను. బ్యాటరీ చాలు. డీజిలు కోసం బంకు ముందు పూటంతా నిలబడేది నేను.
4. రోజూ డైరీ రాస్తాను.

నాకు లారీ నడపడం రాదు. యజమానికి రావాలని ఎక్కడా రాసిలేదు.

సాయంత్రం 5.00. ఫోన్లో వీడియోవాడు చెప్పినట్టు లారీ కింద గాలి ట్యాంకుల మరలు విప్పి ఉన్న గాలంతా వదిలేశాను. ముందుజాగ్రత్త. బుస్సుమని పోయింది. శుభారంభం.

నవంబర్ 4, మంగళవారం

నల్ల వైరు, తెల్ల వైరు అయిపోయాయి. నలభై నిమిషాలు! చదువుకున్నవాడు చెయ్యి పెడితే ఇలాగే ఉంటుంది.

అమ్మని పిలిచి డబ్బా చూపించాను. "ఏటిది, దోమలమందు పెట్టుకునీదా?" అంది. వివరించలేదు. డెబ్బై ఆరేళ్ళ మనిషికి ఏం వివరిస్తాం.

నవంబర్ 6, గురువారం

ఉదయం 9.10. పొగ.

ఉదయం 9.11. ఫ్యూజు మాత్రమే. డబ్బా క్షేమం.

డబ్బాతో వచ్చిన కాగితం చదివాను. (చేతకానివాళ్ళు చదువుతారని మొదట పక్కన పెట్టాను.) డబ్బాది పన్నెండు వోల్టులట, లారీది ఇరవై నాలుగు. లోకంలో రెండు రకాల వోల్టులు పెట్టిన పెద్దమనిషి ఎవరో గాని చేతులెత్తి మొక్కాలి. ఇరవై నాలుగుని పన్నెండు చేసే ఇంకో డబ్బా తెచ్చాను. ఎర్రదీపాల నుంచి బ్రేకు సంగతి తెచ్చే ఎర్ర వైరుకీ అదే తద్దినం, దానికో రిలే స్విచ్చి.

నిన్న డైరీ రాయలేదు. కరెంటు లేదు. పగలు రాయొచ్చు కదా అని అడిగేవాళ్ళకి వేరే పనిలేదు.

నవంబర్ 8, శనివారం

నాలుగు వైర్లూ పూర్తి! ఐదు రోజులు! వాళ్ళ వారం కంటే రెండు రోజులు తక్కువ!

పరీక్ష. డబ్బా మీద మీటని చేత్తో జరిపితే ట్రైలరు చక్రాలు టక్కున పట్టుకున్నాయి. వెళ్ళి చెవి పెట్టి మరీ విన్నాను. అద్భుతం.

తర్వాత లారీ ఎక్కి కాలితో బ్రేకు తొక్కాను. చలనం లేదు. లారీ వెనక ఎర్రదీపాలు కూడా వెలగలేదు.

మళ్ళీ తొక్కాను. మళ్ళీ. అమ్మని లారీ వెనక నిలబెట్టి అరగంటసేపు తొక్కాను. "ఎలిగిందా?" "నేదు." "ఇప్పుడు?" "నేదురా." చివరికి అమ్మ నన్నడక్కుండానే లోపలికి వెళ్ళిపోయింది.

నవంబర్ 9, ఆదివారం

మార్చినవి: బల్బులు రెండు, ఫ్యూజులు మూడు, రిలే ఒకటి, ఎర్ర వైరు మొత్తం.

మారనిది: పరిస్థితి.

ఈ డబ్బా చేసినవాళ్ళకి బుద్ధి లేదు. ఈ లారీ చేసినవాళ్ళకి అసలు లేదు.

నవంబర్ 10, సోమవారం

కో టున్‌కి మెసేజి పెట్టాను: "బ్రేకు తొక్కితే ఎర్రదీపం రావడం లేదు, ఎందుకు?" కో టున్ అంటే మా వీధి చివర షెడ్డులో బర్మా మెకానిక్కు. ఇది అడగడం కాదు. సమాచార సేకరణ. నియమం 1 భద్రంగానే ఉంది.

మధ్యాహ్నం నేను ట్రైలరు కింద ఉండగా అతను ఫోను చేశాడట, అమ్మ తీసింది. కో టున్‌కి పది తెలుగు మాటలు వచ్చు. అవి పట్టుకుని అమ్మతో ఎప్పుడూ తెలుగే మాట్లాడతాడు. "అమ్మా, అన్నం తిన్నావా" అంటాడు, ఆవిడ మురిసిపోతుంది.

ఏమన్నాడే అని అడిగాను.

"లే అన్నాడు. మూడుమాట్లు అన్నాడు. లే, లే, లే. నవ్వేడు కూడాను."

"లేదు అన్నాడా?"

"మనం నేదంటాం, ఆడి నోట్లో అది లే అవుతాది. ఇంకేటుందిరా అందులో?"

అదీ సంగతి! దీనికి ఉపాయం లేదని పకపకా నవ్వి మరీ చెప్పాడు. పనికిమాలినవాడు. వాణ్ణి ఇంక జన్మలో అడగను. నియమం 1 మళ్ళీ అమల్లోకి వచ్చింది.

నవంబర్ 11, మంగళవారం

నడుం నొప్పి.

నవంబర్ 12, బుధవారం

మబ్బు పట్టింది. వాన పడితే కరెంటు పని చెయ్యకూడదు. సాయంత్రం దాకా చూశాను, పడలేదు. పడొచ్చు కదా!

కో టున్ పడవ ఇంజను పని మీద నది అవతల దలా వెళ్ళాడని అమ్మ చెప్పింది. వెళ్ళనీ. పడవకి బ్రేకులుండవు, వాడికి సరిపోయిన పని.

నవంబర్ 13, గురువారం

స్టేషను దగ్గర టీకొట్టులో కోటిబాబు కనిపించాడు. బలరాం డ్రైవర్లతో కూర్చున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. నేను ఫోను చూసుకుంటున్నట్టు నటించి వచ్చేశాను.

పోతే పోనీ. డ్రైవర్లు బోలెడుమంది. బలరాం బళ్ళు తలుపులకి తాళ్ళు కట్టుకుని తిరుగుతుంటాయి. వాటిల్లో కూర్చుంటే తెలుస్తుంది.

ఇంటికొచ్చాక అన్నం సయించలేదు. కోటిబాబు లేకుండా ఆ లారీని నేనెప్పుడూ చూడలేదు.

నవంబర్ 14, శుక్రవారం

కొత్త ఆలోచన: ట్రైలరు అమ్మేస్తాను. ట్రైలరు లేకపోతే ట్రైలరు బ్రేకు సమస్య లేదు. ఈ మాట మొదటిరోజే ఎవరూ ఎందుకు చెప్పలేదు? (ఎవర్నీ అడగలేదు కనక.)

నవంబర్ 15, శనివారం

ఇది పూర్తిగా రాయాలి.

తొమ్మిదింటికి కోటిబాబు వచ్చాడు. సామాను తీసుకెళ్ళడానికట. అమ్మవారి పటం, తువ్వాలు, ఫ్లాస్కు, అంతే. సంచిలో సర్దుకున్నాక, పన్నెండు రోజులుగా బండి పడుందనీ, పోయేముందు ఒకసారి స్టార్ట్ చేస్తాననీ అడిగాడు. డీజిలు దండగ అనబోయాను. ఆయన మొహం చూసి తాళాలిచ్చాను.

ఇంజను నడుస్తోంది. కోటిబాబు సీట్లో కదలకుండా కూర్చున్నాడు. నేను లారీకీ ట్రైలరుకీ మధ్య నిలబడ్డాను. చాలాసేపటికి లోపల కుయ్యిమంటున్న చప్పుడు ఆగింది. ఆయన కాలు అలవాటుగా బ్రేకు మీద పడింది.

నా చొక్కా ఎర్రబడింది. ఎర్రదీపాలు! వెనక ట్రైలరు చక్రాలు టక్ మన్నాయి.

కోటిబాబు దిగి వచ్చి డబ్బా చూశాడు, వైర్లు చూశాడు, బాగా బిగించానన్నాడు. ఇన్నాళ్ళూ ఎంత తొక్కినా వెలగలేదని చెప్పాను. గాలి నేనే వదిలేశానని కూడా చెప్పాను.

"గాలి నేకండా ఎర్రదీపం ఎలగదు బాబూ. ఆ స్విచ్చిని నొక్కీది గాలే, ఇంజను తిరిగితేనే ఆ గాలి నిండుతాది. ఇక్కడోళ్ళు దీన్ని లే బ్రేకనే అంటారు కదా."

లే బ్రేకు. బర్మా భాషలో లే అంటే గాలి. పుట్టినప్పట్నుంచీ ఈ ఊళ్ళోనే ఉన్నాను. టైరు పంక్చరు షాపులో కూడా ఆ మాటే అంటాను. కో టున్ గాలి, గాలి, గాలి అని మూడుసార్లు చెప్పాడు!

అమ్మని పిలిచి అడిగాను. "ఆడు నాతో ఎప్పుడూ తెలుగే మాటాడతాడు కదరా. తెలుగే అనుకున్నాను" అంది. ఆవిడ తప్పేముంది. మర్నాడు ఫోను చేసి అడగాల్సినవాణ్ణి నేను.

కోటిబాబు నవ్వలేదు.

"పంతొమ్మిదేళ్ళుగా రోజూ పొద్దున్నే ఈ బండికి గాలి నింపినోణ్ణి నేను. ఒక్క మాట నన్నడిగుంటే సెప్పీసేవోణ్ణి. మీరు నా సేతిలో తాళాలు లాక్కున్నారు."

తాళాలు బల్ల మీద పెట్టింది నువ్వే కదా అనబోయాను. నియమం 2 గుర్తొచ్చి ఊరుకున్నాను.

బ్రేకు పనిచేస్తోంది కదా, ఇంక ఉండిపో అన్నాను. అడగలేదు, అన్నాను. నిన్ననే బలరాంకి మాటిచ్చేశాడట, సోమవారంనుంచి పని. సంచి భుజాన వేసుకుని అమ్మకి దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

గడువులోగా బ్రేకు పెట్టాను. తొక్కేవాడు లేడు.

నవంబర్ 17, సోమవారం

ఉదయం 7.00. నిర్ణయం! కోటిబాబుని తిరిగి రమ్మని అడుగుతాను. గడువు పది రోజులు.

నియమాలు:
1. అడుగుతాను. రమ్మనడం, ఉండిపొమ్మనడం అడగడం కిందికి రావు.
2. నా నోటితో అడుగుతాను. మెసేజి కాదు, అమ్మ చేత కబురు కాదు.
3. జానెడు దూరం అన్న మాటకి ముందుగా క్షమాపణ చెబుతాను.
4. బలరాం బళ్ళ గురించి ఏమీ అనను. (కష్టం.)

ఉదయం 7.40. లారీ ఎక్కి స్టార్ట్ చేశాను. గాలి నిండడానికి ఎంతసేపు పడుతుందో తెలియలేదు. పంతొమ్మిదేళ్ళలో ఎప్పుడూ అడగలేదు. ఆయన సీట్లో ఖాళీ చేతులతో, గాలి మీటరు ముల్లు వంక చూస్తూ, వాచీ చూసుకుంటూ కూర్చున్నాను. అమ్మవారి పటం ఉన్నచోట నలుచదరంగా తెల్ల మచ్చ ఉంది.

ఆ కుయ్యిమనే చప్పుడు ఆగడానికి తొమ్మిది నిమిషాలు పట్టింది. రోజూ తొమ్మిది నిమిషాలు, నేను లోపల కాఫీ తాగుతూ లారీ ఇంకా కదలలేదేమని అరిచేవాణ్ణి.

పైన గడువు పది రోజులని రాశాను. కొట్టేశాను. ఇవాళ సాయంత్రం నాలుగింటికి, బలరాం షెడ్డు దగ్గర.